కూర్చోకూడని బెంచీ

కన్యాకుమారి ఆ వీడియోను మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

ఫోనులోంచి నవ్వులు హాలంతా నిండాయి. ముందు ముసలి మగ గొంతులు, తరవాత ఆడవాళ్ళ గొంతులు, ఆ తరవాత అన్నింటినీ దాటుకుని ఒక్క గొంతు. అది పెద్దకోడలు అనూరాధది. పార్కులో నలుగురి మధ్య చేతులు రెండూ పైకెత్తి, తల వెనక్కి వాల్చి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేక పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడింది. బెంచీ వీపున నల్లరాతి పలక. దాని మీద ‘కీర్తిశేషులు కోట్ని సాయికిరణ్ జ్ఞాపకార్థం’ అని బంగారు రంగు అక్షరాలు. తీసినవాడు ఎంత శ్రద్ధగా తీశాడంటే, నవ్వుతున్న భార్యా పోయిన భర్త పేరూ రెండూ ఒకే చోట స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఇంక ఆపండత్తయ్యా," అంది అనూరాధ వంటింటి గుమ్మంలో నిలబడి.

"నానెందుకాపాల? అక్కడ నువ్వాపేవా?" కన్యాకుమారి ఫోను మీదనుంచి తలెత్తలేదు. "సూడు, ఇక్కడ సూడు. పళ్ళన్నీ బయటెట్టీసేవు. నా కొడుకు మీద కూకుని."

"బెంచీ మీద కూకున్నాను."

"ఆ బెంచీ ఎవులిది? ఆడి పేరు మీద కూకుంటే ఆడి మీద కూకున్నట్టు కాదా?"

చిన్నకోడలు ఝాన్సీ సోఫా అంచున కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతులు కాయల మీద, చెవులు ఇక్కడ. "మన సంఘం గ్రూపులో ఎట్టీసేరు కదక్కా, అందరూ సూసీసేరు. విజీనారం నుంచి మా పిన్ని ఫోను సేసింది. మీ తోటికోడలికి మళ్ళీ సంబంధమేటైనా కుదిరిందేటే, అంత సంబరంగా ఉన్నాది అనడిగింది," అంది. కాసేపాగి, "నానేటీ అనలేదు," అని కూడా అంది.

ఆ వీడియో పెట్టినవాడు జగన్నాధం. రైల్వేలో చేసి దిగిపోయిన పెద్దమనిషి, పార్కులో పొద్దున్నే జరిగే నవ్వుల క్లబ్బులో అందరికన్నా హుషారు. పాపం, చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు. ‘మన పార్కు ప్రెసిడెంటు గారి కోడలు గారు, నవ్వుతూ ఆరోగ్యంగా’ అని కింద రాసి, రెండు దండాల బొమ్మలు కూడా తగిలించాడు. ప్రెసిడెంటు గారు చూసి మురిసిపోతారని ఆయన ఊహ.

వీధి తలుపు చప్పుడైంది. ఆ ప్రెసిడెంటు గారు వచ్చాడు. కన్యాకుమారి ఫోను ఆపి ఒళ్ళో పెట్టుకుంది.

నగరేశ్వరరావుకి చీపురుపల్లి బజార్లో బెల్లం, చింతపండు హోల్‌సేలు కొట్టు ఉంది గాని, ప్రాణం మాత్రం పార్కులో ఉంటుంది. పాత సంత జరిగే చోట ముళ్ళకంపలు కొట్టించి, మట్టి తోలించి, నడిచే బాట వేయించి, చెట్లు నాటించినవాడు ఆయనే. ఆ మాట కాదనేవాడు ఊళ్ళో లేడు. అందుకే గేటు తాళాలు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టారు. తాళాలు చేతికొచ్చాక ఆయనకి బోర్డుల పిచ్చి పట్టుకుంది. గడ్డి మీద నడవరాదు. పూలు కోయరాదు. బంతి ఆడరాదు. బాట మీద ఎదురు నడవరాదు. పార్కులో ఏం చెయ్యొచ్చో చెప్పే బోర్డు మాత్రం ఒక్కటీ లేదు. ఆ పూలు కోయరాదన్న బోర్డు కిందే రోజూ కమిటీ పెద్దలు కవర్లు పట్టుకుని నందివర్ధనాలు కోసుకుపోతారు. దేవుడికి కదా, అది కోయడం కిందికి రాదు.

ఇక బెంచీ కథ. సాయికిరణ్ కిందటేడు గరివిడి రోడ్డులో బైకు మీంచి పడి పోయాడు. సంవత్సరీకానికి పార్కులో బెంచీ వేయించారు, నలుగురూ కూర్చుని నాలుగు మంచిమాటలు అనుకుంటారని. వారం తిరక్కుండా కన్యాకుమారి వెళ్ళి చూసేసరికి ఎవడో దాని మీద వెల్లకిలా పడుకుని, పలకకి కాలు తన్నిపెట్టి, మరమరాలు తింటున్నాడు. ఆవిడ అక్కడే మట్టిలో కూర్చుని కొడుకు పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది. మర్నాడు బిందెడు పసుపు నీళ్ళతో బెంచీ కడిగి, నాలుగు మూలలా బొట్లు పెట్టి, పలకకి బంతిపూల దండ వేసి వచ్చింది. ఇక దాని మీద కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? సంతకొచ్చిన పల్లెవాళ్ళు చెప్పులు విడిచి దండం పెట్టుకుపోవడం కూడా జరిగింది. అలాంటి బెంచీ మీద, బొట్లు చెరిగేలా, అనూరాధ కూలబడింది.

నగరేశ్వరరావు బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, తన కుర్చీలో కూర్చున్నాడు. అనూరాధ కాఫీ తెచ్చి ఇచ్చింది.

"నవ్వేవా?" అన్నాడు.

"నవ్వేను మావయ్యా."

"ఏటి జరిగిందని?"

"ఏటీ జరగలేదు. అందరూ నవ్వుతన్నారు. నాకూ వొచ్చింది."

"ఊరికే."

"ఊరికే."

ఆయన కాఫీ ఊదుకుంటూ తాగాడు. ఆయన అరిచే మనిషి కాదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఒక్క గుమాస్తా మీద గొంతెత్తి ఎరగడు. మాన్పించవలసినవాణ్ణి మెత్తగా పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మాన్పించేవాడు.

"పొద్దున్న పార్కులో నన్ను సూసి మొకాలు తిప్పుకున్నారు," అన్నాడు. "నాను ఏయించిన బాట మీద."

"అందుకే సెప్తన్నాను," కన్యాకుమారి అందుకుంది. "రేపట్నుంచి ఇది గుమ్మం దాటకూడదు. గాలి పీల్చుకుంటాది పాపం అని వొదిలితే, మనింటి మీద ఊరిని నవ్వించీసింది. మొగుడున్నప్పుడు కూడా ఇంతలా నవ్వలేదు."

"ఆయన నవ్వనిస్తే కదా," అంది అనూరాధ.

అనకూడదని ఆమెకి తెలుసు. ఐదేళ్ళుగా అనలేదు. కాని మాట నోరు దాటిపోయింది, ఇక దాని వెనకాలే మిగతావీ వచ్చేశాయి.

"నాను నవ్వితే ఇగుళ్ళు కనబడతాయని నోరు మూసుకోమనీవోడు. పెళ్ళిలోనే, ఫొటోలు తీసీవోడి ముందర అన్నాడు. అప్పట్నుంచీ నోటికి సెయ్యడ్డం ఎట్టుకునే నవ్వేను. మొన్న నవ్వుల క్లబ్బు టీచరు గారు ఆ సెయ్యి లాగీసి, నవ్వుకి తలుపులెందుకమ్మా అన్నారు. అప్పుడు నవ్వేను. ఆయన పెళ్ళిలో ఆ మాటన్నప్పుడు మీరూ పక్కనే ఉన్నారత్తయ్యా. మీరూ నవ్వేరు."

ఝాన్సీ చేతిలో ఈనె అలాగే ఉండిపోయింది. కన్యాకుమారి కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఉన్నమాటే అన్నాడు నా కొడుకు," అంది చివరికి నెమ్మదిగా. "ఈ వీడియోలో అవే కనబడతన్నాయి."

అని మళ్ళీ పెట్టింది.

అనూరాధ వంటింట్లోకి వెళ్ళి, పని లేకపోయినా కొళాయి తిప్పి, నీటి చప్పుడులో నిలబడింది. అత్త మాట గుండెలో దిగిన బాధ ఒకటి, పార్కు పోతుందన్న భయం ఒకటి. నిజం చెప్పాలంటే భయమే ఎక్కువ. ఈ ఇంట్లో రోజంతా అందరిదీ. పొద్దున్న ఆ ఒక్క గంటా ఆమెది. మంచులో తడిసిన గడ్డి వాసన, కానుగ చెట్ల మీద చిలకల గోల, గేటు దగ్గర రాగిజావ అమ్మే కూర్మమ్మ స్టీలు గ్లాసుల చప్పుడు, నడుస్తుంటే కాళ్ళకి పుట్టే వేడి. అక్కడ ఎవరూ ఆమెని ఏదీ అడగరు, తెమ్మనరు. ఆ గంట కోసమే రాత్రి పడుకునేది. అది తీసేస్తే ఇక తెల్లారి లేవడం ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

*

మధ్యాహ్నం దాటాక రాజ్యలక్ష్మి టీచరు వచ్చింది.

శ్రీముఖలింగం గుడిలో తరతరాలుగా పాడే కుటుంబం ఆవిడది. హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరై, మోకాళ్ళ నొప్పులకి నడక మొదలుపెట్టి, ఆ నడకలో నవ్వుల క్లబ్బు పెట్టింది. సరళీస్వరాలు నేర్పినట్టే నవ్వు నేర్పేది: ముందు మంద్రంలో, తరవాత మధ్యస్థాయిలో, ఊపిరి తీసుకుని పైకి. ముప్పై మంది ముసలివాళ్ళు ఆవిడ చెయ్యి ఎత్తితే నవ్వి, దించితే ఆపేవారు.

మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ హాల్లో నిలబడింది. కన్యాకుమారి కూర్చోమనలేదు.

"తప్పు నాదమ్మా," అంది టీచరు. "ఫోన్లు తియ్యొద్దని జగన్నాధం గారికి ముందే చెప్పవలసింది."

"ఫోనుదా తప్పు? నవ్వుది కాదా?"

"నవ్వుది తప్పేవిటమ్మా. చిన్నపిల్ల. ఏడాది పైగా ఏడ్చింది, ఒక్క పూట నవ్వింది. మీ అబ్బాయి మీద గౌరవం లేక కాదు."

"మీకు పిల్లల్లేరు కదా టీచరు గారూ."

రాజ్యలక్ష్మి చేతిసంచీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"లేరు," అంది.

"మరి మీకేటి తెలుస్తాది? కొడుకు పేరు రాసిన రాయి మీద ఎవులో కూకుని ఇకిలిస్తే ఎలాగుంటాదో మీకేటి తెలుస్తాది? మీరు అందర్నీ నవ్విస్తారు, మీకేటి."

గోడవారగా నిలబడ్డ అనూరాధ నోరు తెరిచింది. టీచరు కంటితోనే వద్దని వారించింది. అప్పుడే కొట్టు నుంచి భోజనానికి వచ్చిన నగరేశ్వరరావు గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, నిలబడే ఉన్నారేటి టీచరు గారూ. కూకోండి, కూకోండి. అమ్మా అనూరాధా, టీచరు గారికి కాఫీ ఎట్టు."

అనూరాధ వెంటనే కదల్లేదు. ఆయన ఎవరికి కాఫీ పెట్టమంటాడో, ఎందుకు పెట్టమంటాడో ఈ ఇంట్లో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పెట్టి తెచ్చింది. టీచరు రెండు చేతులతో పుచ్చుకుని, "బాగుందమ్మా," అంది.

"రేపు పొద్దున్న పార్కులో కమిటీ కూకుంటాది," అన్నాడాయన. "మీరూ రండి. ఇలాటి మాటలు మనలో మనం అనుకుంటే బాగోదు. నలుగురిలో అనుకుంటే తేలిపోతాది."

ఆవిడ వెళ్ళాక ఆయన అనూరాధని మేడమెట్ల దగ్గరికి పిలిచాడు.

"రేపు నిన్నొక్క మాట అడుగుతాను. టీచరు గారు నీ సెయ్యట్టుకుని లాగేరా లేదా అని. లాగేరని సెప్పు. అంతే."

"లాగలేదు మావయ్యా."

"నోటి మీద సెయ్యి లాగీసేరని నువ్వే సెప్పేవు కదమ్మా పొద్దున్న."

"అది లాగడం కాదు."

"లాగడమే. నానేటీ అబద్ధం సెప్పమన్నేదు. అడిగినంతే సెప్పు, ఎక్కువ సెప్పకు."

అనూరాధ మెట్టు అంచు కేసి చూసింది. "సెప్తే?"

"సెప్తే నీ తప్పేటీ లేనట్టే. పార్కుకి ఎప్పట్లాగే ఎల్లు. మీ అత్తకి నాను సెప్పుకుంటాను."

"సెప్పకపోతే?"

"మేడ మీద నడూ," అన్నాడాయన చాలా ఆప్యాయంగా. "గాలి బాగానే వస్తాది."

సాయంత్రం ఆమె మేడ మీదికి వెళ్ళి చూసింది. నీళ్ళ టాంకు, బట్టల తీగలు, ఎండబెట్టిన చింతపండు గోనెలు. ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్ళేసరికి వెనక్కి తిరగాలి. అక్కడే నిలబడి నరసన్నపేటలో అన్నకి ఫోను చేసింది. వదిన ఎత్తింది. "మీ అన్నయ్య ఊళ్ళో లేరు అనూరాధా, వొచ్చేక సేయిస్తాను," అంది. ఆ మాట పూర్తయ్యేలోగా వెనకాల అన్న దగ్గడం వినిపించింది. వదినకీ ఆ సంగతి తెలిసింది. "సరే వొదినా," అని అనూరాధే పెట్టేసింది.

*

మర్నాడు పార్కులో మంచు ఇంకా విడలేదు. గుండ్రటి రేకుల షెడ్డు కింద కమిటీ వారు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. నవ్వుల క్లబ్బు వాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని ఒక పక్క నిలబడ్డారు. రోజూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళే, ఇవాళ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. జగన్నాధం ఫోను జేబులో లోపలికంటా తోసేసుకున్నాడు.

నగరేశ్వరరావు పార్కు గురించి కాసేపు మాట్లాడాడు. పార్కు అందరిదీ అన్నాడు. ప్రశాంతత కోసం వస్తారు అన్నాడు. తరవాత కోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, నిన్నెవులూ ఏటీ అన్రు. బయపడకు. టీచరు గారు నీ సెయ్యట్టుకుని లాగేరా?"

అనూరాధ రాత్రంతా ఒక జవాబు తయారుచేసుకుంది. లాగలేదు, తీశారు, అని. నవ్వింది నేనే, నా ఇష్టంతోనే, అని. ఆ జవాబు నోటిదాకా వచ్చింది. అదే సమయానికి స్ప్రింక్లరు తిరగడం మొదలుపెట్టి, పచ్చిక మీద నీళ్ళు చిమ్మి, తడిమట్టి వాసన ఆమె దాకా కొట్టింది. మేడ మీద ఈ వాసన రాదు.

"లాగేరు," అంది.

"బలవంతంగానా?"

అది అడుగుతానని ఆయన నిన్న చెప్పలేదు. అనూరాధ మామగారి ముఖంలోకి చూసింది. అక్కడ ఆప్యాయత తప్ప మరేమీ లేదు.

"ఆఁ," అంది.

రాజ్యలక్ష్మి టీచరు ఆమె వైపే చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. పాఠం మధ్యలో శ్రుతి తప్పిన పిల్లని చూసినట్టు చూసింది.

"నిజమేనండి," అంది కమిటీ వైపు తిరిగి. "నేనే లాగేను. ఆ పిల్ల వద్దంటున్నా వినలేదు. దాని తప్పు ఇసుమంతైనా లేదు."

ఆ వద్దన్న మాట ఆవిడ తనంతట తనే కలిపింది. కాదు, అది అబద్ధం అని అనూరాధ అరవొచ్చు. ఇప్పటికీ అరవొచ్చు. అరవలేదు.

నవ్వుల క్లబ్బు ఇక ఈ పార్కులో జరగకూడదని తీర్మానమైంది. కొత్త బోర్డు ఒకటి రాయించాలని కూడా అనుకున్నారు. ‘బిగ్గరగా నవ్వరాదు’ అని ఉంటే చాలన్నాడు నగరేశ్వరరావు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

అందరూ లేచిపోతుంటే టీచరు కర్ర పొడుచుకుంటూ అనూరాధ పక్కనుంచే వెళ్ళింది. ఒక్క క్షణం ఆగి, "చలిగా ఉంది తల్లీ, చెవులు కప్పుకో," అంది.

తిట్టి ఉంటే అనూరాధ ఇంటికెళ్ళి ఏడ్చుకునేది. ఏడ్చే వీలు కూడా లేకుండా చేసి ఆవిడ వెళ్ళిపోయింది.

*

మామగారు మాట నిలబెట్టుకున్నాడు. పార్కుకి వెళ్ళనిచ్చాడు.

మర్నాడు బయలుదేరుతుంటే కన్యాకుమారి గుమ్మం దగ్గర స్టీలు బిందె, పసుపు పొట్లం, బంతిపూల దండ పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎల్తావు కదా, ఇయ్యి కూడా అట్టుకెల్లు. ఇకనుంచి బెంచీ నువ్వే కడుగు. బొట్లెట్టు. కడిగేసి వొచ్చీకు, అక్కడే నిలబడు. ఎవులూ కూకోకుండా సూడు."

అనూరాధ మామగారి వైపు చూసింది.

"ఎల్లనిస్తానన్నాను, ఎల్తన్నావు కదమ్మా," అన్నాడాయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

అలా ఆ గంట ఆమెకి మిగిలింది. రోజూ పొద్దున్నే వెళ్తుంది, కొళాయి దగ్గర బిందె నింపుతుంది, కడుగుతుంది, బొట్లు పెడుతుంది, దండ వేస్తుంది, పక్కన నిలబడుతుంది. నడిచే బాట ఆమె ముందు నుంచే పోతుంది. జనం చుట్లు తిరుగుతుంటారు. ఒక్కొక్క చుట్టుకీ మామగారు ఆమె ముందు నుంచి వెళ్తూ తల కొద్దిగా ఊపుతాడు, కొట్లో కాపలావాడికి ఊపినట్టు.

"ఏటి కోడలమ్మా, నిన్నూ డూటీలో ఎట్టీసేరేటి?" అంది పార్కు ఊడ్చే దానమ్మ మొదటి రోజు. రెండో రోజు నుంచి అదీ అనలేదు. ఆకులు ఊడ్చుకుంటూ బెంచీ దగ్గరికి రాగానే చుట్టుతిరిగి పోయేది.

మొదట్లో ఎవరైనా కూర్చోబోతే, "అక్కడ వద్దండి," అనేది గొణుగుతున్నట్టుగా. ఆదివారం నాడు చంకలో పిల్లతో ఒక పల్లెటూరి మనిషి వచ్చి, మూట దించుకుని, దండ పక్కకి జరిపి మరీ కూర్చుంది.

"లెగు," అంది అనూరాధ.

"పిల్లకి పాలిచ్చీసి లెగుతానమ్మా."

"లెగమంతన్నానా? కళ్ళు కనబడవా? ఇది కూకోడానికి ఎట్టింది కాదు."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది. అచ్చం అత్తగారి గొంతులా ఉంది. ఆ మనిషి బెదిరిపోయి, పాలు తాగుతున్న పిల్లని అలాగే లాక్కుని, మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. పిల్ల ఏడుపు గేటు దాకా వినిపించింది. అనూరాధకి సిగ్గేసింది. సిగ్గుతో పాటే, చాలా రోజుల తరవాత, గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టు సుఖంగా కూడా అనిపించింది. ఆ సుఖానికి ఆమె భయపడింది. అయినా బెంచీ వదిలి రాలేదు.

సంక్రాంతి ఇంకా దూరాన ఉండగానే చలి ముదిరింది. అలాంటి ఒక పొద్దున్న రాజ్యలక్ష్మి టీచరు వచ్చింది. క్లబ్బు పోయాక ఇదే రావడం. మనిషి చిక్కిపోయింది. నాలుగడుగులు వేసి, ఆగి, కర్ర మీద వాలి, మళ్ళీ నాలుగడుగులు. పాత శిష్యులు ఆవిడని చూసి నడక వేగం పెంచారు. జగన్నాధం ఎదురు నడవరాదన్న బోర్డు కూడా మరిచిపోయి వెనక్కి తిరిగిపోయాడు.

ఆవిడ తిన్నగా సాయికిరణ్ బెంచీ దగ్గరికి వచ్చి, అప్పుడే పెట్టిన బొట్ల మీద, తడి మీదే కూర్చుంది.

అనూరాధ చేతిలో బిందె కింద పెట్టింది. "టీచరు గారూ. అక్కడ కాదు."

"మోకాళ్ళు తల్లీ. ఇంక నడవలేను."

"అటుపక్క ఇంకో బెంచీ ఉన్నాది. నాను తీసికెల్తాను."

"ఇదీ కూచోడానికేగా వేసేరు," అంది ఆవిడ. మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అలసిపోయి ఉంది.

నగరేశ్వరరావు మలుపు తిరిగి వస్తూ ఆగిపోయాడు. ఆయన ఆగేసరికి వెనకాల వస్తున్న కమిటీ వాళ్ళూ ఆగారు. వాళ్ళ వెనకాల మరికొందరు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కోడలి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు అనూరాధకి బాగానే అర్థమైంది. ఈ గంట ఆయన ఇచ్చింది. ఇచ్చినవాడు తీసుకోగలడు.

"లెగండి టీచరు గారూ," అంది చిన్నగా. "మీకు దణ్ణం ఎడతాను, లెగండి. మావయ్య సూస్తన్నారు."

"చూడనీ."

"మీకేటి, మీరు ఇంటికెల్లిపోతారు. నాకిదొక్కటే ఉన్నాది."

రాజ్యలక్ష్మి తలెత్తి ఆమెని చూసింది. బిందెని చూసింది, పసుపంటిన వేళ్ళని చూసింది, బొట్లని చూసింది.

"ఇదా?" అంది. "ఇది మిగుల్చుకోడానికా తల్లీ, ఆవేళ ఆ మాటన్నావు?"

బాట మీద ఎవరో దగ్గారు. నగరేశ్వరరావు ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"లెగమంతన్నానా," అంది అనూరాధ. ఈసారి గట్టిగా, బాట దాకా వినిపించేలా. అదే గొంతు.

టీచరు కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ ముందుకు చాపింది. "నా అంతట నేను లేవలేను. నువ్వే లాగు. నేను నిన్ను లాగేనుగా, బలవంతంగా."

అనూరాధ ఆ చేతులు పట్టుకుని లాగింది.

పిల్లలకి పాట నేర్పేటప్పుడు తాళం వేసిన చేతులు, పక్షి ఎముకల్లా తేలిగ్గా ఉన్నాయి. అంత బలం అక్కర్లేదని లాగాక తెలిసింది. టీచరు సగం లేచింది, మోకాలు నిలవలేదు, పసుపు నీళ్ళు మడుగు కట్టిన కంకర మీద పక్కకి పడిపోయింది. కేక కూడా వెయ్యలేదు. ఊపిరి మాత్రం ఒక్కసారి పైకి లాగి, అక్కడే పట్టి ఉంచింది.

బాట మీద జనం కదలలేదు. అందరూ ప్రెసిడెంటు గారి వైపు చూశారు.

నగరేశ్వరరావు నెమ్మదిగా నడిచి వచ్చాడు. ముందు పలక మీద దండ సరిచేశాడు. తరవాత కిందికి చూశాడు.

"దెబ్బేటైనా తగిలిందేటో, ఎవులైనా ఆటో పిలవండి," అన్నాడు ఎంతో మర్యాదగా. ఆపైన కోడలి వైపు తిరిగి, "ఈలోగా నువ్వు బెంచీ మళ్ళీ కడిగీమ్మా. బొట్లు సెరిగిపోయేయి," అన్నాడు.

రాజ్యలక్ష్మి నేల మీదనుంచి అనూరాధనే చూస్తోంది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చెయ్యి ఇంకా ఆమె వైపే చాపి ఉంది.

అనూరాధ వంగింది. వంగి, బిందె ఎత్తింది.